గోనెపరదా వెనక మేస్త్రీ

జైతున్‌బీ మొహం చూడకముందే నేను ఆమె చెయ్యి చూశాను.

చిలకలూరిపేట దాటీ దాటగానే, హైవే పక్కన పత్తిమిల్లు ప్రహరీకి ఆనుకుని బుడాన్ మేస్త్రీ రేకులషెడ్డు ఉండేది. షెడ్డు మధ్యలో అడ్డంగా ఒక గోనెపరదా. నేను బస్సు కోసం ఆ నీడన నిలబడి ఉండగా, పరదా కిందనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, దొర్లిపోయిన నట్టును తడిమి పట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. మోచేతిదాకా నల్లటి ఆయిలు. ఆ ఆయిల్లో నాలుగు ఆకుపచ్చ మట్టిగాజులు.

"లోపల మా బావమరిది పనిచేస్తున్నాడండీ" అన్నాడు బుడాన్, నా చూపు ఎటు పోయిందో కనిపెట్టి.

గాజులు వేసుకునే బావమరుదులు ఎక్కడా ఉండరని నాకు తెలుసు. నాకు తెలిసిపోయిందని ఆయనకూ తెలుసు. ఆయన కుండలోంచి నాకు మంచినీళ్ళు ముంచి ఇచ్చాడు, ఎడమచేత్తో. ఎడమచేత్తో ఇచ్చినందుకు ఏమీ అనుకోవద్దన్నట్టు తల కొంచెం వంచాడు. అప్పుడు చూశాను ఆయన కుడిచెయ్యి. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి.

ఒకప్పుడు బుడాన్ మేస్త్రీ అంటే ఒంగోలు నుంచి గుంటూరు దాకా లారీలవాళ్ళందరికీ తెలుసు. జాకీ జారి ఆ చెయ్యి లారీ కింద పడింది. పెద్దాసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు గానీ చెయ్యి మళ్ళీ స్పానరు పట్టలేదు. అప్పటికి పదిహేనేళ్ళుగా ఆయన పక్కన కూర్చుని సామాన్లు అందిస్తున్న మనిషి జైతున్‌బీ. ఏ శబ్దానికి ఏ సామాను అడుగుతాడో అడగకముందే ఆమెకు తెలిసేది. మొదట్లో ఆయన చెబుతుంటే ఆమె చేసింది. ఆరునెలలు తిరిగేసరికి ఆయన చెప్పడం మానేశాడు, చెప్పాల్సిన అవసరం లేక.

కానీ ఆడమనిషి బండి విప్పుతోందంటే ఎవరు బండి ఇస్తారు? అందుకని ఆమే మిల్లులో పారేసిన గోనెసంచులు ఏరి తెచ్చి, దబ్బనంతో కుట్టి, ఆ పరదా కట్టింది. బుడాన్ బయట బల్ల మీద కూర్చుని జబ్బేమిటో వింటాడు. బండిని పరదా వెనక్కి తోస్తారు. కొంతసేపటికి అది బాగై బయటికి వస్తుంది. "నీ చేతిలో ఏముందయ్యా బుడానూ" అని ఎవరైనా మెచ్చుకుంటే ఆయన తలవంచుకునేవాడు. బిడియస్తుడని అందరూ అనుకునేవారు. రెండేళ్ళు అలా గడిచాయి.

ఆమెను నేను ఎదురుగా చూసింది ఎనభై అయిదులో, కార్తీకమాసంలో.

మా ఊరి బడిలో నేను పంతులుని. సాయంత్రాలు శ్యామలాంబగారికి పురాణం చదివి వినిపించేవాణ్ణి. ఆమెకు డెబ్భై దాటాయి, చూపు ఆనదు. ఆ పత్తిమిల్లూ, షెడ్డున్న స్థలమూ ఆమె కొడుకు లక్ష్మీనరసింహంగారివే. ఆ దసరాకి ఆయన గుంటూరులో ఒక డాక్టరుగారి దగ్గర తెల్లటి కారు కొన్నాడు. కార్తీక సోమవారాలు నాలుగూ కోటప్పకొండ వెళ్ళి త్రికోటేశ్వరుణ్ణి దర్శించుకోవాలని శ్యామలాంబగారు మొక్కుకున్నారు. తోడుగా నన్ను రమ్మన్నారు. ఆ సోమవారాలు బడికి సెలవుపెట్టాను.

మొదటి సోమవారం ఊరు దాటి పది మైళ్ళు పోయాక కారు ఆగిపోయింది. డ్రైవరు రంజాన్ ఎంత ప్రయత్నించినా స్టార్ట్ కాలేదు. ఇంజను వేడెక్కిందేమోనని పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి అరగంట కూర్చున్నాం. తర్వాత దానంతటదే స్టార్టయింది. ఇంకో పది మైళ్ళకు మళ్ళీ అదే కథ. కొండ చేరేసరికి గుడి మూసేశారు.

ఆ వారంలో కారును గుంటూరు పంపారు. అక్కడి మేస్త్రీలు దాన్ని ఊరంతా తిప్పి చూశారు, ఒక్కసారీ ఆగలేదు. అయినా కాయిలు మార్చారు, పంపు మార్చారు. రెండో సోమవారం మళ్ళీ ఆగింది. ఆగింది సరిగ్గా బుడాన్ షెడ్డు ముందు. రంజాన్ తడిగుడ్డ వేస్తుండగా ఒకామె తలమీద కొంగు కప్పుకుని షెడ్డులోంచి వచ్చి, రోడ్డు మీద పోతున్న కొబ్బరిబోండాలవాణ్ణి పిలిచి, "పెద్దామె ఉపవాసంలా ఉన్నారు, ఆమె ఎదుటనే కొట్టి నీ చేత్తోనే ఇవ్వు" అని చెప్పి వెళ్ళిపోయింది. తన ఇంటి నీళ్ళు ఇస్తే పెద్దావిడ ఇబ్బందిపడతారని ఆలోచించిన మనిషి. ఆ చేతికి ఆకుపచ్చ గాజులున్నాయి. ఆ రోజూ దర్శనం దొరకలేదు.

మిగతా రోజుల్లో కారు గుర్రంలా పరుగెత్తేది. సోమవారమే ఆగేది. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. కోటయ్యస్వామే పెద్దావిడను కొండకి రానివ్వడం లేదన్నారు. ఏదో పాత పాపం ఉండే ఉంటుందన్నారు. ఆ మాటలు ఆమె చెవిన పడ్డాయి. ఒకరోజు పురాణం మధ్యలో ఆపించి, "నేనేం తప్పు చేశానంటారు మేష్టారూ?" అని అడిగారు. పుస్తకం మూసి దణ్ణం పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

మూడో సోమవారం మధ్యాహ్నం, మిల్లు ఇంకా ఫర్లాంగు దూరం ఉందనగా కారు ఆగింది. పత్తిలారీల క్లీనర్లు నలుగురు వచ్చి తోసుకుంటూ మిల్లు గేటు దాకా తెచ్చారు. గోలకి మిల్లు మేనేజరు బాపయ్య గొడుగు వేసుకుని బయటికి వచ్చాడు. తెల్లచొక్కా, తెల్లపంచె, పత్తిమిల్లులో ఉంటూ కూడా మీద ఒక్క పోగు అంటనివ్వని మనిషి.

"గుంటూరు ఫోను చేస్తా. మేస్త్రీ నాలుగింటికల్లా వస్తాడు. అమ్మగారిని ఆఫీసులో కూర్చోబెట్టండి" అన్నాడు.

"నాలుగింటికి వస్తే ఇంక కొండకెప్పుడు పోయేదండీ?" అన్నాడు రంజాన్. "పక్కనే బుడాన్ ఉన్నాడుగా."

"ఏ బుడాను? చెయ్యి లేని మేస్త్రీనా? కార్తీకం వెళ్ళేలోగా షెడ్డు ఖాళీ చెయ్యమని మొన్ననే చెప్పాను. మేస్త్రీ లేని షెడ్డు ఉంటే ఎంత, లేకపోతే ఎంత. రేకులు విప్పించేసి అక్కడ లారీలు పెట్టిస్తా."

బుడాన్ బల్ల మీంచి లేచాడు. "లోపలికి తోయించండి బాపయ్యగారూ. చూస్తాం."

"చూస్తాం అంటే ఎవరెవరు? నీ బావమరిది మొహం ఈ పేటలో ఒక్కడైనా చూశాడా?" అంటూ బాపయ్య గొడుగు మూసి, దాని మొనతో పరదా పైకెత్తాడు.

లోపల జైతున్‌బీ పీట మీద కూర్చుని, కిరసనాయిలు పళ్ళెంలో ఏదో సామాను కడుగుతోంది. చీర పైకి దోపుకుని ఉంది. ఆమె ఉలిక్కిపడలేదు. సామాను పళ్ళెంలో పెట్టి, చీర సర్దుకుని, పత్తివేస్టుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"కిందటేడు మీ మిల్లు జీపుకి క్లచ్చి ప్లేటు ఎవరు వేశారనుకున్నారండీ?" అని అడిగింది.

"బుడాన్ వేశాడు."

"ఏ చేత్తో వేశాడు?"

క్లీనర్లు ముసిముసిగా నవ్వారు. బాపయ్య మొహం ఎర్రబడింది. "చాల్లే ఊరుకో. పొయ్యి దగ్గర ఉండాల్సినదానివి కారు దగ్గరికెందుకు?"

"పొయ్యి దగ్గరా నేనే ఉంటానండీ. పొద్దున పొయ్యి అంటుకోకపోతే కట్టెలు తడిశాయా, గాలి ఆడటం లేదా అని చూస్తాం. తలరాత అని కూర్చోం. కారుకీ అంతే." ఆమె గొంతు పెంచలేదు. "మేస్త్రీ లేడనేగా మీరు ఖాళీ చెయ్యమంది. ఉన్నాడో లేడో ఇప్పుడే తేల్చుకోండి. కారు కదిలితే ఇంక షెడ్డు మాట ఎత్తకూడదు."

"కదలకపోతే?"

"కార్తీకం వెళ్ళేదాకా ఎందుకు? ఈ సాయంత్రమే రేకులు నా చేత్తో విప్పి ఇస్తాను."

"జైతున్" అన్నాడు బుడాన్. ఆ గొంతులో భయం ఉంది. ఆ షెడ్డు తప్ప వాళ్ళకి తిండిపెట్టేది ఇంకేదీ లేదు.

"నువ్వుండు" అందామె. పరదా కట్టిన తీగ దగ్గరికి వెళ్ళి, కొక్కేలు రెండూ తప్పించింది. రెండేళ్ళ గోనె దుమ్ము లేపుకుంటూ నేల మీద పడింది. "కారు ఇక్కడికే తొయ్యండి. అందరూ చూస్తూ ఉండండి."

శ్యామలాంబగారు కారు దిగలేదు. వెనకసీట్లో కళ్ళు మూసుకుని పంచాక్షరి జపిస్తున్నారు.

"సెల్ఫు కొట్టు తమ్ముడూ" అంది జైతున్‌బీ రంజాన్‌తో. ఇంజను తిరిగింది కానీ అందుకోలేదు. "బ్యాటరీ బాగుంది." ప్లగ్గు వైరు ఊడదీసి, దాని కొసను ఇనుముకి వెంట్రుకవాసి దూరంలో పట్టుకుని మళ్ళీ కొట్టమంది. నీలంగా నిప్పు చిటపటలాడింది. "నిప్పు ఉంది." తర్వాత కార్బొరేటరుకి వచ్చే పెట్రోలు పైపు విప్పి, కొసను తగరపు డబ్బాలో పెట్టించింది. సెల్ఫు కొడితే చెంచాడు పెట్రోలు వచ్చి ఆగిపోయింది.

"అదేనయ్యా, పంపు" అన్నాడు బాపయ్య. "గుంటూరులో మార్చారుగా, మళ్ళీ పోయింది."

"కొత్త పంపు వారానికే ఎందుకు పోతుందండీ?" అంటూ ఆమె పంపుకు అవతల పక్కన, వెనక ట్యాంకు నుంచి వచ్చే పైపు విప్పింది. విప్పీ విప్పగానే బొటనవేలితో దాని నోరు మూసింది. అలాగే కదలకుండా ఉండిపోయింది, వైద్యుడు నాడి చూస్తున్నట్టు. కాసేపటికి, "ఇటు రా" అని మొగుణ్ణి పిలిచింది. బుడాన్ తన ఎడమ బొటనవేలు అక్కడ పెట్టాడు. ఆయన కనుబొమలు పైకి లేచాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వదలకు" అని చెప్పి ఆమె కారు పక్కనుంచి మెల్లగా వెనక్కి నడిచింది. పెట్రోలు మూత దగ్గర ఆగింది. మూత నిండా మందంగా పసుపు. ఎండి బిళ్ళకట్టిన పసుపు మధ్యలో రూపాయంత కుంకుమబొట్టు.

"అమ్మా, దీనికి పసుపు ఎవరు పెడతారు?" అని కిటికీ దగ్గరికి వచ్చి అడిగింది.

శ్యామలాంబగారు కళ్ళు తెరిచారు. "నేనే తల్లీ. చక్రాలకి పెట్టి, ముందర పెట్టి, అది తిండి తినే నోటికి పెట్టకపోతే ఎలా? గడపకి రాసినట్టే రాస్తాను."

"రోజూనా?"

"లేదు. సోమవారం పొద్దున, తలస్నానం చేసొచ్చి."

జైతున్‌బీ రంజాన్ వైపు తిరిగింది. "కడిగేదెప్పుడు?"

"మంగళవారం పొద్దున్నే అక్కా. మూతలన్నీ రుద్ది కడిగి ఎండబెడతాను. గుంటూరుకీ అలా కడిగే పట్టుకెళ్ళాను. మాసిన కారు పంపితే అయ్యగారు ఊరుకుంటారా?"

నాకు అప్పుడు సంగతి లీలగా తట్టింది.

జైతున్‌బీ మొదటిసారి తటపటాయించింది. మూత వైపు చూసింది, పెద్దావిడ వైపు చూసింది. బాపయ్యకు అది ఓటమిలా కనిపించింది. "ఏం, చేతకాలేదా? నిచ్చెన తెప్పించనా, రేకులు విప్పుతావు?"

"చేతకాకేం కాదండీ" అందామె. "ఎవరూ చూడకుండా ఈ మూత తుడిచేసి, ఇంజన్లో ఏదో బాగుచేశానని చెప్పొచ్చు. కారూ కదులుతుంది, నా షెడ్డూ నిలుస్తుంది. కానీ వచ్చే సోమవారం మళ్ళీ ఆగుతుంది. అమ్మగారు మళ్ళీ దేవుడికి కోపం వచ్చిందనుకుంటారు. అందుకని ఉన్నది చెబుతున్నా." ఆమె కిటికీ దగ్గర వంగింది. "అమ్మా, ఈ మూతలో సూదిబెజ్జమంత రంధ్రం ఉంటుంది. పెట్రోలు తరుగుతున్నకొద్దీ అందులోంచి గాలి లోపలికి పోవాలి. పసుపు ఎండి ఆ బెజ్జం మూసుకుపోయింది. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికి రాదు. అరగంట ఆగితే సందుల్లోంచి కాస్త గాలి చేరి మళ్ళీ కదులుతుంది. అంతకన్నా ఏమీ లేదు."

క్లీనర్లు మూత మీదికి వంగి చూశారు.

"పసుపు పెడితే కారు ఆగిపోయిందా?" అన్నాడు బాపయ్య నెమ్మదిగా. "అమ్మగారి పూజకే వంకపెడుతున్నావా? అందులోనూ నువ్వు? మాట వెనక్కి తీసుకో."

"బెజ్జం మూసుకుపోయిందన్నాను. పూజని నేనేమీ అనలేదు. అనని మాట వెనక్కెలా తీసుకోను?" ఆమె చూపు దించలేదు. "నా మాట నమ్మొద్దు. మీ వేలు నమ్ముతారా? ఇలా వచ్చి పెట్టండి."

అందరూ చూస్తుండేసరికి బాపయ్యకు తప్పలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, బుడాన్ వేలు తీసిన చోట తన బొటనవేలు పెట్టాడు.

"లాగుతోందా?"

కొంచెం ఆగి, "లాగుతోంది" అన్నాడు.

"అమ్మా, మీరు దిగి మీ చేత్తోనే మూత విప్పండి."

శ్యామలాంబగారు నా భుజం పట్టుకుని దిగారు. రెండు చేతులతో మూత తిప్పారు. బిగుసుకుపోయింది. రెండోసారి తిప్పారు. 'ఫుస్స్' మంటూ గాలి లోపలికి దూసుకుపోయింది. దాహంతో ఉన్నవాడు ఆగకుండా గుక్క పట్టినట్టు వినిపించింది.

"వదిలేసింది" అన్నాడు బాపయ్య, తన వేలికేసి చూసుకుంటూ.

పెద్దావిడ ఆ మూత గుండెకానించుకుని నిలబడ్డారు. "అయితే కోటయ్యకి నా మీద కోపం లేదా అమ్మాయ్?"

"కోటయ్యకి కోపమెందుకమ్మా? దీనికి ఊపిరాడలేదు, అంతే."

శ్యామలాంబగారి కళ్ళవెంట నీళ్ళు కారాయి. నేను తల పక్కకి తిప్పుకున్నాను. జైతున్‌బీ రైకకున్న పిన్నీసు తీసి బెజ్జంలో పసుపు మాత్రం తీసింది. చుట్టూ ఉన్నది తుడవలేదు. కుంకుమబొట్టును బెజ్జానికి ఇవతలగా, గోటితో జాగ్రత్తగా జరిపింది. పైపులు బిగించి, "కొట్టు తమ్ముడూ" అంది. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది.

బాపయ్య వేలు రుమాలుతో తుడుచుకున్నాడు. తెల్లచొక్కా మీద అప్పటికే నల్లటి మరక పడింది. "కదిలింది, సరే. షెడ్డు సంగతి అయ్యగారిని అడగాలి."

"మా వాడితో నేను చెబుతాలే" అన్నారు శ్యామలాంబగారు.

జైతున్‌బీ చేతులు జోడించింది. "వద్దమ్మా. మీరు జాలిపడి చెబితే నేను జాలి మీద ఉన్నట్టవుతుంది. మేస్త్రీ లేడన్నారు, ఉన్నాను. ఇంక ఎవరూ ఎవరికీ చెప్పాల్సింది లేదు. మీరు బయల్దేరండి, పొద్దు వాలుతోంది."

ఆ సాయంత్రం మేం కొండ చేరేసరికి ఆకాశదీపం ఎత్తుతున్నారు. దారిలో కారు ఎక్కడా ఆగలేదు. శ్యామలాంబగారు ఎన్ని ప్రదక్షిణలు చేశారో నేను లెక్కపెట్టలేదు.

నాలుగో సోమవారం కొండకు వెళుతూ శ్యామలాంబగారు షెడ్డు దగ్గర కారు ఆపించారు. చేతిలో పసుపు కుంకుమల భరిణె. "నీ సామాన్ల పెట్టెకి బొట్టు పెడతానమ్మాయ్, నీకు అభ్యంతరం లేకపోతే" అన్నారు.

"పెట్టండమ్మా" అని నవ్వింది జైతున్‌బీ. "దానికి బెజ్జాలేం లేవు."

బాపయ్య షెడ్డు ఖాళీ చెయ్యమన్న తన మాట మరిచిపోలేదు, ఆమె కట్టిన పందెం మాట మాత్రం మరిచిపోయాడు. కార్తీకం వెళ్ళిన మర్నాడు నేను సుద్దముక్కలు కొనడానికి పేట వెళ్ళి వస్తూ బస్సు కోసం ఆ షెడ్డు నీడనే నిలబడ్డాను. ఆయన ఒక ఖాళీ లారీ, ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని వచ్చాడు, రేకులు విప్పించి పట్టుకుపోవడానికి. షెడ్డు ముందు అప్పటికే రెండు లారీలు, ఒక జీపు వరసలో ఉన్నాయి. ఆ రోజు కారు తోసిన క్లీనర్లు సంగతి దారంతా చెప్పినట్టున్నారు. జీపు కిందనుంచి ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటే కనిపిస్తోంది. ఆమె వీపు కింద పరిచి ఉన్నది ఆ పాత గోనెపరదాయే.

"రేకులు విప్పండి" అన్నాడు బాపయ్య.

"ఒక్క రేకు కూడా విప్పనివ్వను" అంది ఆమె, బయటికి రాకుండానే. "పని మధ్యలో ఉన్నాను. అడ్డం రాకండి."

కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈలోగా ఆయన తెచ్చిన లారీ డ్రైవరు దిగి, తలపాగా చుట్టుకుంటూ జీపు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, మా బండి సెల్ఫు నాలుగు రోజులుగా సతాయిస్తోంది. ఎలాగూ వచ్చాను గదా, ఒకసారి చూస్తావా?"

"వరసలో పెట్టు అన్నా. రెండు బండ్ల తర్వాత నీదే."

డ్రైవరు లారీ వెనక్కి తీసి వరసలో పెట్టి తాళం బుడాన్ చేతికిచ్చాడు. బాపయ్య ఎండలో నిలబడిపోయాడు. ఆయన గొడుగు మిల్లులోనే ఉండిపోయినట్టుంది.

"గంటన్నర పడుతుందండీ. ఎండగా ఉంది, నీడలోకొచ్చి కూర్చోండి" అంది జీపు కిందనుంచి జైతున్‌బీ.

బుడాన్ బల్ల మీద కొంచెం పక్కకి జరిగి, ఎడమచేత్తో చోటు చూపించాడు. తర్వాత కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచాడు.